తీసింది మీరే, అమ్మవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని వీధులు, స్టేషన్లు, పార్కులు తిరుగుతున్నాను. ఎవరినీ అడిగి తీయను. అడిగితే ఆ క్షణం పోతుంది. ఇన్నాళ్లూ సరదాకే తీశాను. ఈమధ్య మూడు ఫొటోల విషయంలో డబ్బు ప్రస్తావన వచ్చింది. మొదటిది, ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒకే శాలువా కప్పుకుని కూర్చున్న ముసలి దంపతులు. ఒక బీమా కంపెనీ దాన్ని ప్రకటనకు అడుగుతోంది. రెండోది, మూసిన షాపు మెట్ల మీద నిద్రపోతున్న మనిషి, పక్కనే ఆయన కుక్క. ఒక గ్యాలరీ దాన్ని ఎగ్జిబిషన్లో పెట్టి ప్రింట్లు అమ్ముతానంటోంది. మూడోది, వాన నీళ్లలో గెంతుతున్న పిల్లలు. ఫొటోలు పోగుచేసి అడిగినవారికి లైసెన్సు మీద అమ్మే స్టాక్ ఏజెన్సీకి ఇస్తే బాగా పోతుందని స్నేహితుడి సలహా. రోడ్డు మీద తీసిన ఫొటోకి ఎవరి అనుమతీ అక్కర్లేదంటాడు మా బావ. ‘నువ్వు నిద్రపోతుంటే ఎవరో తీసి అమ్ముకుంటే ఊరుకుంటావా’ అంటుంది మా అక్క. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి మాట, ఫొటో తీయడం వరకు, చాలా దేశాల్లో చెల్లుతుంది. కానీ మీరు అడిగింది అమ్మడం గురించి. తీసేటప్పుడు పెద్దగా పట్టించుకోని చట్టం, ఆ ఫొటో ఎక్కడికి వెళ్తోంది, దాని పక్కన ఏం రాస్తున్నారు అన్న దగ్గర గట్టిగా నిలదీస్తుంది. అందుకే మీ మూడు ఫొటోలకూ కలిపి ఒకే జవాబు ఇవ్వలేను.

ముందు ఒక చిక్కు విడదీయాలి. ఫొటో మీద కాపీరైటు సాధారణంగా తీసినవారిదే. ఉద్యోగంలో భాగంగా తీసినవి, డబ్బిచ్చి ఎవరో తీయించుకున్నవి అయితే లెక్క మారవచ్చు. మీవి అలాంటివి కావు. కాబట్టి మీ ఫొటోని ఎవరు వాడుకోవాలన్నా మీ అనుమతి తీసుకోవాలి. అయితే అందులో ఉన్న మనిషికి తన రూపం మీద ఉండే హక్కు వేరు. మీరు షట్టర్ నొక్కినంత మాత్రాన అది మీ చేతికి రాదు. మీరు లైసెన్సు ఇచ్చినా ఆ హక్కు కొన్నవారికి బదిలీ కాదు.

2007లో జరిగిన ఒక సంగతి చూడండి. అమెరికాలో ఒకాయన తనకు తెలిసిన టీనేజి అమ్మాయి ఫొటో తీసి ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్లో పెట్టాడు. ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు తగిలించాడు. ఆస్ట్రేలియాలో ఒక మొబైల్ కంపెనీ ఆ ఫొటోని తీసుకుని ఊరూరా పోస్టర్లు వేసింది. ‘కలం స్నేహితులను వదిలించుకోండి’ అనే అర్థం వచ్చే వెటకారపు మాట ఆ అమ్మాయి ముఖం పక్కన పెట్టింది. ఫొటోగ్రాఫర్ ఇవ్వగలిగిన అనుమతి ఇచ్చాడు. ఆ అమ్మాయిని గానీ, ఆమె ఇంట్లోవాళ్లను గానీ ఎవరూ అడగలేదు. ఆమె ఇంట్లోవాళ్లు అమెరికాలోని టెక్సస్‌లో కేసు వేస్తే, ఆస్ట్రేలియా కంపెనీ మీద అక్కడి కోర్టుకు అధికార పరిధి లేదన్న కారణంతో 2009లో కేసు కొట్టేశారు. అంటే ఆమెకు జరిగింది న్యాయమా కాదా అన్న ప్రశ్న దాకా విచారణ వెళ్లనే లేదు.

దీనికన్నా పాతదైన మరో కేసు మీలాంటివారికి ఇంకా దగ్గరగా ఉంటుంది. లాస్ ఏంజెలిస్ మార్కెట్లో తమ దుకాణం దగ్గర ఒక భార్యాభర్తలు చెంపకు చెంప ఆనించి కూర్చుని ఉండగా, వాళ్లకు చెప్పకుండా ఒక ఫొటో తీశారు. 1947లో ఒక పత్రిక దాన్ని ప్రపంచంలో ప్రేమ గురించిన కథనంతో వేసింది. 1949లో మరో పత్రిక అదే ఫొటో వేసింది. తొలిచూపు ప్రేమ నమ్మదగ్గది కాదని, ఒంటి ఆకర్షణ తప్ప అందులో ఏమీ లేదని చెప్పే వ్యాసం మధ్యలో పెట్టింది. వాళ్లిద్దరూ చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లు. కేసులు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నలుగురి ముందు తామే అలా కూర్చున్నారు కాబట్టి, మొదటి పత్రికలో ఆ ఫొటో రావడం వారి ఏకాంతానికి భంగం కాదంది కోర్టు. రెండో పత్రిక మీద మాత్రం వారు దావా నడుపుకోవచ్చంది. ఫొటో అదే, మనుషులూ వాళ్లే. మారింది పక్కనున్న రాత.

నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. చాలా ఏళ్ల కిందట, బరువులు మోసి అలసిపోయిన ఒక పెద్దాయన మంచినీళ్ల కుండ పక్కన గ్లాసెత్తి నీళ్లు తాగుతున్న ఫొటోని ఒక పత్రికకు ఇచ్చాను. ఎలా వాడాలో ఒక్క ముక్క రాసివ్వలేదు. కొన్ని నెలల తర్వాత అదే ఫొటో, కుండ ఉన్న వైపు కత్తిరించి, తాగుడు వల్ల కూలిపోయే కుటుంబాల మీద వ్యాసానికి పెట్టారు. ఆయన కొడుకు చూశాడు. ఆ పెద్దాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, ‘జన్మలో ముట్టలేదు బాబూ, ఇప్పుడు ఇంట్లో పిల్లకు సంబంధాలు చూస్తున్నాం’ అన్నాడు. పత్రికతో దెబ్బలాడి సవరణ వేయించాను. మొదటిది చూసినవాళ్లలో ఎంతమంది ఆ సవరణ చదివి ఉంటారు? ఆ రోజు నుంచి, ఏ ఫొటో అమ్మినా ఏ పనికి వాడవచ్చో, ఏ పనికి వాడకూడదో రాసివ్వకుండా ఇవ్వను.

ఇక మీ ఫొటోల దగ్గరికి వద్దాం. బీమా ప్రకటన సంగతి అన్నిటికన్నా తేటగా ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వకండి. ఒక మనిషి ముఖం ప్రకటనలో కనిపిస్తే, ఆ మనిషి ఆ సరుకును మెచ్చుకుంటున్నట్టే చూసేవాళ్లు అనుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రం 1903లోనే దీనికి చట్టం చేసింది. ఒక యువతి బొమ్మను పిండి కంపెనీ ప్రచారానికి పోస్టర్లుగా వేస్తే, పాత చట్టంలో ఆమెకు ఏ దారీ లేదని 1902లో అక్కడి పై కోర్టు చెప్పింది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే, రాతపూర్వక సమ్మతి లేకుండా జీవించి ఉన్న వ్యక్తి పేరునో బొమ్మనో ప్రకటనకూ వ్యాపారానికీ వాడకూడదని శాసనం వచ్చింది. భారత సుప్రీంకోర్టు కూడా 1994 నాటి ఆటో శంకర్ కేసు తీర్పులో, ఒకరి పేరునో రూపాన్నో వారి సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడటాన్ని ఏకాంత హక్కుకు కలిగే భంగానికి ఉదాహరణగా చెప్పింది. ఎడిటోరియల్ వాడకం, అంటే వార్తలు, వ్యాసాలు, పాఠాల వంటివి, చాలాచోట్ల దీనికన్నా స్వేచ్ఛగా ఉంటుంది. అక్కడ కూడా అబద్ధపు కాప్షన్ పెడితే పరువునష్టం తప్పదు.

‘చాలాచోట్ల’ అని ఊరికే అనడం లేదు. ఫొటో ఏ దేశంలో తీశారో, ఏ దేశంలో అచ్చవుతోందో రెండూ చూసుకోవాలి. జర్మనీలో 1907 నుంచి ఒక చట్టం ఉంది. జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆయన గదిలోకి దొంగతనంగా దూరి మృతదేహాన్ని తీశారు. ఆ గొడవ నుంచి పుట్టిన చట్టమది. మనిషి ఫొటోని ప్రచురించాలంటే సమ్మతి ఉండాలంటుంది. దృశ్యంలో మనుషులు కేవలం నేపథ్యంగా ఉంటేనో, అది సభో ఊరేగింపో అయితేనో, కళా ప్రయోజనం ఉంటేనో కొన్ని మినహాయింపులు ఇస్తుంది. హంగరీ 2014లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్‌లో, ప్రచురణకే కాక తీయడానికి కూడా సమ్మతి కావాలంది. గుంపుల ఫొటోలకు, బహిరంగ జీవితంలో ఉన్నవారి ఫొటోలకు మినహాయింపు ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2018 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, గుర్తుపట్టగలిగే ముఖం వ్యక్తిగత సమాచారం కిందికి వస్తుంది. కళకూ పత్రికారచనకూ ఎంత వెసులుబాటు ఇవ్వాలో ఒక్కో దేశం ఒక్కోలా రాసుకుంది. ఇంకో సంగతి, ప్లాట్‌ఫారం, మాల్, మ్యూజియం అందరూ తిరిగే చోట్లే అయినా వాటికి యాజమాన్యం ఉంటుంది. వ్యాపారానికి తీసే ఫొటోలకు అక్కడ వేరే అనుమతి అడగవచ్చు. మీ దంపతుల ఫొటోకి ఇది కూడా వర్తిస్తుంది.

మెట్ల మీద నిద్రపోతున్న మనిషి ఫొటో దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. గ్యాలరీ వాళ్లు మీకు డికోర్షియా కేసు గురించి చెప్పే ఉంటారు. ఫిలిప్ లోర్కా డికోర్షియా అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్లో లైట్లు పైన దాచి పెట్టి, దూరం నుంచి లెన్సుతో దారిన పోయేవాళ్ల ముఖాలు తీశాడు. ఎవరికీ తెలియదు. 2001లో ఎగ్జిబిషన్ పెట్టి, ఒక్కో ఫొటోకి పది ప్రింట్లు చొప్పున, ఒక్కోటి 20,000 నుంచి 30,000 డాలర్ల దాకా అమ్మాడు. అందులో ఒక యూదు వృద్ధుడి ముఖం ఉంది. తన బొమ్మను ఇలా వాడటం తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఆయన కేసు వేశాడు. 2006లో కోర్టు దాన్ని కొట్టేసింది. కళ అమ్ముడుపోయినా కళే, అది చట్టం చెప్పిన ‘వ్యాపారం’ కిందికి రాదంది. పై కోర్టు 2007లో, ఏడాది గడువు దాటిపోయిందన్న కారణం మీద ఆ కేసును ముగించింది.

ఇదే కేసు కెనడాలోని మాంట్రియల్లో అయితే ఎలా ఉండేది? అక్కడ ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి ఫొటోని అడగకుండా తీసి, ఒక కళల పత్రికలో వేశారు. ఆ ఫొటోలో చెడుగా ఏమీ లేదు. కానీ తోటి విద్యార్థులు ఏడిపించారని ఆమె కోర్టుకెక్కింది. 1998లో కెనడా సుప్రీంకోర్టు, ఆ నగరం ఉన్న క్యూబెక్ రాష్ట్రపు చట్టం కింద ఆమెకు 2,000 డాలర్లు ఇవ్వాల్సిందేనంది. ఫొటోగ్రాఫర్, ప్రచురణకర్త ఇద్దరూ బాధ్యులేనంది. కళ అన్న మాట ఒకచోట కాపాడింది, ఇంకోచోట కాపాడలేదు. కాబట్టి గ్యాలరీ ఉన్న చోటి చట్టం తెలిసిన లాయరును ఒకసారి కలవండి.

చట్టం సరేనంటుందనే అనుకుందాం. అప్పుడు కూడా, ఆ ఫొటోని ఇప్పుడున్న స్థితిలో అమ్మవద్దనే నా సలహా. టైమ్స్ స్క్వేర్లో నడిచిన ఆ పెద్దాయన మేలుకుని ఉన్నాడు, ఇంటికి వెళ్తే తలుపు వేసుకోగలడు, కోర్టుకు వెళ్లగలిగాడు. మీ ఫొటోలోని మనిషికి తలుపే లేదు. వీధి ఆయనకు పడకగది. నిద్రలో ఉన్నాడు కాబట్టి ముఖం తిప్పుకునే వీలు కూడా లేదు. మీ అక్కగారు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇక్కడ తగులుతుంది. ఆయన కష్టాన్ని చూపి లోకాన్ని కదిలించాలన్నది మీ ఉద్దేశమైతే, ఆయన ఎవరో, అక్కడికి ఎందుకు చేరాడో ఆ ఫొటో చెప్పాలి. అది చెప్పాలంటే మీరు ఆయనతో మాట్లాడాలి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియా బఠానీ తోటల దగ్గర తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి) ఫొటోని మీరు చూసే ఉంటారు. ఆ తల్లి పేరుగానీ, కథగానీ అడగలేదని లాంగ్ తర్వాత తానే రాసింది. ప్రభుత్వ పనిలో భాగంగా తీసిన ఫొటో కాబట్టి ఎవరైనా వాడుకోగలిగారు. ఆ ముఖం దేశమంతా తెలిసింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్లకు. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె చెప్పింది. 1998లో లాంగ్ ప్రింటు ఒకటి వేలంలో 2,44,500 డాలర్లకు పోయింది. ఆ ఫొటో మేలు చేయలేదని నేను అనను. ఆకలితో ఉన్న ఆ శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అది చేరేసరికి ఆమె కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. మేలు జరిగినా, ఫొటోలో ఉన్న మనిషికే అందకుండా పోవచ్చు. ఈ సంగతి నన్ను ఎప్పుడూ వదలదు.

కాబట్టి ఆ మెట్ల దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆయన మేలుకుని ఉన్నప్పుడు వెళ్లండి. ఫొటో చూపించండి. గ్యాలరీలో పెడతారని, కొన్నవాళ్లు ఇంట్లో తగిలించుకుంటారని, ఎంతకు అమ్ముతారో అంకెతో సహా చెప్పండి. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే వచ్చినదాంట్లో వాటా ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ఒక జాగ్రత్త: ఆకలిగా ఉన్న మనిషి ముందు నోటు పెట్టి అదే చేత్తో సంతకం అడిగితే, దాన్ని సమ్మతి అనుకోకండి. ముందు రోజు మాట్లాడి, ఆలోచించుకోమని చెప్పి, మర్నాడు అడగండి. ఆయన కనిపించకపోతే, ముఖం తెలియకుండా ఆ కుక్క, మెట్లు, దుప్పటి మాత్రమే ఉన్న ఫ్రేము మీ దగ్గర ఉందేమో వెతకండి. నాకైతే అదే మంచి ఫొటో అయి ఉంటుందనిపిస్తోంది.

పిల్లల ఫొటో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం పెట్టకుండా పిల్లల ముఖాలను స్టాక్ ఏజెన్సీకి ఇవ్వకండి. ప్రకటనలకు పనికొచ్చే ఫొటో అయితే పేరున్న ఏజెన్సీలు కూడా గుర్తుపట్టగలిగే ప్రతి మనిషికీ మోడల్ రిలీజ్, అంటే ఆ మనిషి ఇచ్చిన రాతపూర్వక అనుమతి, అడుగుతాయి. లేకపోతే ‘ఎడిటోరియల్ మాత్రమే’ అనే గుర్తు పెట్టి తీసుకుంటాయి. ఆ గుర్తు ఉందికదా అని ధైర్యపడకండి. ఏజెన్సీకి వెళ్లిన ఫొటోని ఎవరు కొంటారో మీకు తెలియదు. 2013లో న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ విభాగం హెచ్‌ఐవీ బాధితుల హక్కుల ప్రచారానికి గెట్టీ ఇమేజెస్ అనే స్టాక్ ఏజెన్సీ నుంచి ఒక యువతి ఫొటో కొని పత్రికల్లో వేసింది. ‘నేను పాజిటివ్’ అన్న మాట ఆ ముఖం పక్కన ఉంది. ఆమెకు ఆ జబ్బు లేదు. ఫొటోగ్రాఫర్ వేరే కథనం కోసం తీసి, రిలీజ్ లేకుండానే ఏజెన్సీకి ఇచ్చింది. తమ మీద కేసు కొట్టేయాలని ఏజెన్సీ అడిగితే, 2014లో జడ్జి కుదరదన్నారు. వానలో గెంతే పిల్లల ముఖాలు రేపు ఏ ప్రచారం పక్కన వస్తాయో ఊహించుకోండి. స్కూలు బ్యాడ్జి, ఇంటి నంబరు, ఫైల్లో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా చూసుకోండి. వెనక నుంచి తీసినది, నీళ్లలో నీడలు మాత్రమే కనిపించేది ఉంటే అది పంపండి. ఏజెన్సీ ఒప్పందంలో ఫొటోలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోవచ్చనే వాక్యం ఉందేమో కూడా చదవండి. సంతకం పెట్టే తల్లిదండ్రులకు ఆ విషయం కూడా చెప్పాలి.

మోడల్ రిలీజ్ అంటే బెదిరిపోకండి, ఒక పేజీ చాలు. ఆ మనిషి పేరు, తేదీ, తీసిన చోటు, ఆ ఫొటో చిన్న సైజులో అతికించి, ఏ పనులకు వాడవచ్చో రాయండి. జబ్బులు, నేరాలు, మద్యం, రాజకీయాలు, మతం, లైంగిక విషయాలు: వీటికి వాడవచ్చా లేదా అన్నది విడిగా అడిగి రాయించండి. ఎంత ఇచ్చారో అంకె వేయండి. వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. చదవలేనివాళ్లయితే వాళ్లు నమ్మే మనిషి చేత చదివించండి. ఒక కాపీ వాళ్ల దగ్గర ఉండాలి, మీ ఫోన్ నంబరుతో సహా. నంబరు ఎందుకంటారా? రేపు వాళ్ల మనసు మారవచ్చు. అమ్మేసిన ప్రింటును వెనక్కి తేలేరు కానీ, ఇకముందు ఇవ్వబోయే లైసెన్సులు ఆపగలరు. ఆపుతానని ఆ కాగితం మీదే రాసివ్వండి. ఏ చట్టమూ మిమ్మల్ని ఇందుకు బలవంతపెట్టకపోవచ్చు. నేను మాత్రం రాసిస్తాను.

‘అడిగితే ఆ క్షణం పోతుంది’ అన్నారు. నిజమే. తీశాక అడగండి. తీయడానికీ అమ్మడానికీ మధ్య మీకు కావలసినంత సమయం ఉంది. మీ ఫొటోలు చూస్తే మీరు మనుషుల్ని ప్రేమగా చూస్తారని తెలుస్తోంది. అలా చూసేవాళ్లకు దగ్గరికెళ్లి పలకరించడం కష్టమేమీ కాదు. నాలుగు సార్లు అడిగితే బెరుకు పోతుంది.

ప్లాట్‌ఫారం దంపతుల గురించి చివరి మాట. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ రోబెర్ డువానో 1950లో ప్యారిస్‌లో తీసిన ముద్దు ఫొటో మీకు తెలిసే ఉంటుంది. పోస్టరుగా లక్షల్లో అమ్ముడైంది. దశాబ్దాల తర్వాత ఒక జంట, అది మేమే, మమ్మల్ని అడగకుండా తీశారని కేసు పెట్టింది. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాల్సి వచ్చింది. వీధిలో ముద్దుపెట్టుకుంటున్న అపరిచితులను అలా తీసే సాహసం తాను చేయలేదని, నటన నేర్చుకుంటున్న ఇద్దరిని అడిగి ఆ ముద్దు పెట్టించుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయికి అప్పట్లోనే ఒక ప్రింటు ఇచ్చాడు. 2005లో ఆమె దాన్ని వేలం వేస్తే 1,55,000 యూరోలు వచ్చాయి.

మీరు కూడా ముందు ఒక ప్రింటు తీయించండి, మంచి కాగితం మీద, చేతికి నిండుగా ఉండే సైజులో. మీరు తీసిన వారం, తీసిన వేళ చూసుకుని అదే ప్లాట్‌ఫారానికి వెళ్లండి. ఆ రైలుకు తరచుగా వచ్చేవాళ్లే అయితే పోర్టర్లకు, బుక్‌స్టాల్ అతనికి తెలిసి ఉండవచ్చు. దొరికితే ప్రింటు వాళ్ల చేతిలో పెట్టి, ఆ తర్వాతే బీమా కంపెనీ పేరెత్తండి. కంపెనీ మీకు ఎంత ఇస్తానందో చెప్పండి. వాళ్లకు ఎంత ఇవ్వాలో కంపెనీనే విడిగా రాసివ్వమనండి, అది ఆ కంపెనీకి పెద్ద భారం కాదు. ఒప్పుకోకపోయినా ప్రింటు వాళ్లదే. నెల రోజులు వెతికినా కనబడకపోతే కంపెనీకి ఉత్తరం రాయండి: ఫొటోలో ఉన్నవారి సమ్మతి దొరకలేదు, ఇవ్వలేను, కావాలంటే ఒప్పుకున్న మనుషులతో ఇలాంటిదే తీసిస్తాను అని. ఆ పని మీకే రావచ్చు కూడా. ప్రింటు మాత్రం బ్యాగులోనే ఉంచుకోండి, మళ్లీ ఆ స్టేషనుకు వెళ్తారు కదా.